సైరన్ తర్వాత నిలబడ్డ దుప్పి

చదివేవారికి దండం. నాకు అక్షరాలు యాభై నాలుగో ఏట వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ తప్పుతుంటాయి. ఎక్కడ తప్పినా మన్నించి, సరిచేసుకుని చదవండి. నా చెయ్యి నెమ్మది. ఈ ఒక్క అధ్యాయానికే నెల దాటింది.

నవలను ఇక్కడినుంచి మొదలుపెట్టేవారికి ఇంతవరకు జరిగింది చెబుతాను. గోదావరిఖని పక్కన ఒక పాత ఓపెన్‌కాస్టు గని ఉంది. దాన్ని తవ్వినప్పుడు పైనుంచి తీసి పోసిన మట్టి గుట్ట మీద చెట్లు పెంచి, చుట్టూ కంచె వేసి పార్కు చేశారు. నది ఒడ్డు అడవిలోంచి చుక్కల దుప్పులు వాటంతట అవే వచ్చి అక్కడ చేరాయి. వాటిని చూసి ఫొటోలు తీసుకోవడానికి జనం వస్తారు. గురువారం సాయంత్రం ఆ పార్కు కాపలాదారు బుచ్చన్న మంచె కింద మెడ విరిగి పడి ఉన్నాడు. మంచె మీద వీరేందర్ తువ్వాల దొరికింది. వీరేందర్ పక్క గనిలో డంపర్ లారీ నడిపే కుర్రాడు, డ్యూటీ లేని వేళల్లో దుప్పుల ఫొటోలు తీస్తాడు. లోపలికి రానివ్వడం లేదని బుచ్చన్నతో అంతకుముందే గొడవపడ్డాడు. శుక్రవారం సాయంత్రం పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. అతని తల్లి పోశవ్వ డిటెక్టివ్ సంధ్యారాణి గుమ్మం ముందు కూర్చుని, కొడుకును తెచ్చిచ్చేదాకా లేవనంది.

ఇక అధ్యాయం.

శనివారం ఒంటిగంటన్నరకు సంధ్యారాణి పార్కు గేటు దగ్గర స్కూటీ ఆపింది. సదానందం అప్పటికే వచ్చి నీడలో నిలబడి ఉన్నాడు. ఎస్సైగా రిటైరై పెద్దపల్లిలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన మనిషి. తన పేరు పత్రికలకు ఎక్కకుండా కేసు తొందరగా ముగిసిపోవాలని పార్కు కాంట్రాక్టరు అతనికి పని అప్పజెప్పాడు. బుచ్చన్న పోయినప్పటినుంచి పార్కు తాళాలు కూడా అతని దగ్గరే ఉంటున్నాయి. ఇంతకుముందు రెండు కేసుల్లో అతను తేల్చింది తప్పని సంధ్యారాణి రుజువు చేసింది. ఆ కోపం అతనికి ఇంకా పోలేదు. సాక్షిని తానే చూపిస్తానని, చూసి నోరు మూసుకుని పొమ్మని పొద్దున ఫోన్ చేసింది అతనే.

"రా చెల్లె," అన్నాడు. "కంపెనీ గేటు కాడ టిఫిన్ డబ్బాలు తనిఖీ చేసిన చెయ్యి నీది. ఇయ్యాల ఖూనీ కేసు విప్పుతవట గద."

సంధ్యారాణి పదేళ్లు బొగ్గు గనుల కంపెనీ సెక్యూరిటీలో పనిచేసిన మాట నిజమే. "డబ్బాలల్లనే దొరికేవన్నా, ఎత్తుకపోయే రాగి తీగె చుట్టలు," అంది. "మూత కనపడితే విప్పాలనిపిస్తది. అలవాటైపోయింది."

అతను నవ్వి చెయ్యి చాపాడు. పార్కులోకి ఫోన్లు తీసుకుపోకూడదు. ఫోను మోగితే మంద బెదురుతుందని బుచ్చన్న పెట్టిన కట్టడి అది. ఆమె ఫోనూ, సాక్షి ఫోనూ గేటు గదిలో పెట్టి సదానందం తాళం వేశాడు.

సాక్షి పేరు రుత్విక్. ముప్పై ఏళ్లుంటాయి. హైదరాబాదులో ఉద్యోగం, సెలవు దొరికితే అడవుల వెంట తిరగడం. మెడలో కెమెరా, దానికి మోచేతి పొడవు లెన్సు. మనిషి శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు గానీ కళ్ళు మాత్రం సరిగా నిద్రపోయినవాడి కళ్ళు కావు. పోలీసులకు అతను చెప్పింది ఇదీ: గురువారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మాటు గదిలో కూర్చుని దుప్పులను ఫొటోలు తీస్తున్నాడు. రెండుంబావు ప్రాంతంలో వీరేందర్ మంచె ఎక్కడం, పైన బుచ్చన్నతో పెనుగులాడడం లెన్సులోంచి చూశాడు. భయపడి మూడు దాటేదాకా బయటికి రాలేదు.

వీరేందర్ చెప్పేది వేరు. పొద్దున మంచె మీద తువ్వాల మరిచిపోయానని, మధ్యాహ్నం పార్కు దరిదాపులకే రాలేదని అంటాడు. కానీ ఆ రోజు మూడింటి రెండో షిఫ్టుకు పది నిమిషాలు ఆలస్యంగా చేరాడు. బండి పంక్చరైందంటే నమ్మేవారు లేరు. సాయంత్రం ఐదింటికి అతన్ని జడ్జి ముందు నిలబెడతారు. ఆ తర్వాత జైలు. కంపెనీ ఉద్యోగం ఆ గడప దగ్గరే ఆగిపోతుంది. పోశవ్వకు అతను తప్ప ఎవరూ లేరు.

సంధ్యారాణి ముందు మంచె ఎక్కింది. మూలన ఒక గంట వేలాడుతోంది, చుట్టూ ఇనుప కమ్మీలు ఆమె ఛాతీదాకా ఉన్నాయి. తూలితే పడే ఎత్తు కాదు. ఎవరో ఎత్తి తోయాల్సిందే. పైనుంచి చూస్తే నీళ్ల గుంట, దాని ఒడ్డున మాటు గది స్పష్టంగా కనిపిస్తున్నాయి. దిగి గుంట వైపు నడిచింది. దుప్పులు అవతలి గట్టు మీద మేస్తున్నాయి, వీళ్లను చూసి కొంచెం జరిగాయంతే. నీళ్ల అంచున గడ్డిలో ఆమె చెప్పుకు ఏదో తగిలింది. వంగి చూస్తే తుమ్మ కర్ర మేకు, నేలకు సమంగా దిగ్గొట్టి ఉంది. తల చుట్టూ తాడు ఒరుసుకున్న గీత, ఇంకా తెల్లగా ఉంది. ఇదేమిటని అడిగింది. రుత్విక్ అటు చూడనే లేదు. నీళ్లు ఎంత తగ్గాయో తెలియడానికి బుచ్చన్న పెట్టుకున్న గుర్తని సదానందం వెంటనే చెప్పాడు. సరేనని ఆమె లేచింది.

మాటు గది అంటే నాలుగు వైపులా ఇనుప రేకులు, పైన రేకు కప్పు. రేకు మెరిస్తే దుప్పులు రావని బయటంతా ఎండుగడ్డి తడకలు కట్టారు. గుంట వైపు గోడలో లెన్సు పట్టేంత సందులు మూడు. తలుపు ఒక్కటే. కోతులు దూరకుండా దానికి బయటినుంచి కూడా గొళ్ళెం ఉంది. ముగ్గురూ లోపల బల్ల మీద కూర్చుంటే మోకాళ్లు తగులుతున్నాయి. మే నెల ఎండకు లోపల ఊపిరి ఆడడం లేదు. రుత్విక్ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు.

ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. వీరేందర్ ఏ రంగు చొక్కా వేసుకున్నాడని అడిగితే గుర్తులేదన్నాడు. మెట్లు ఎక్కినప్పుడు వీపు కనిపించిందా, ముఖమా అంటే ముఖమన్నాడు. మంచె మెట్లు అవతలి వైపు ఉన్నాయి, ఇక్కడినుంచి ఎక్కేవాడి తల తప్ప ఏమీ కనపడదు. ఆ సంగతి ఆమె అనగానే సదానందం అడ్డుపడ్డాడు. భయంలో ఉన్న మనిషికి చొక్కాలు, మెట్లు గుర్తుంటాయా అన్నాడు. కెమెరా తెర మీద ఒక ఫొటో తెచ్చి చూపించమని రుత్విక్‌కు చెప్పాడు.

ఆ ఫొటో ఆమె నిన్న పోలీసు స్టేషన్లోనే చూసింది. నీళ్ల ఒడ్డున ఒక ఆడ దుప్పి మెడ చాచి నిలబడి ఉంది. పక్కన గడ్డిలో మోకాళ్ల వరకు మునిగి దాని పిల్ల. వెనక నీళ్లలో రెండింటి నీడలు. ఎంత అందంగా ఉందంటే చూసినవారు ఇంకేమీ చూడరు. గురువారం రాత్రితో గడువు ముగిసే ఒక పెద్ద ఆన్‌లైన్ పోటీకి పంపితే చివరి పదింటిలో నిలిచిందట, నిన్ననే మెయిల్ వచ్చిందట. మూల మీద సమయం పడింది, రెండు గంటల పన్నెండు నిమిషాలు. కెమెరా గడియారాన్ని ఎవరూ కదిలించలేదని పోలీసుల మనిషి పరీక్షించి మరీ చెప్పాడు.

"రెండూ పన్నెండుకు పిలగాడు ఈడ ఉన్నడనేటందుకు గంతకన్న ఏం కావాలె?" అన్నాడు సదానందం. "ఉన్నోడు చూసిండు. చూసింది చెప్పిండు. పోశవ్వకు ఇగ నువ్వే పోయి చెప్పు, కొడుకును మరిచిపొమ్మని."

అతను ఆ మాట అంటుండగానే సైరన్ కూసింది. బ్లాస్టింగ్ సైరన్. పక్క గనిలో రోజూ రెండింటికి కూస్తుంది. కూశాక పార్కు దారికి రెండు వైపులా ఎర్ర జెండాలు పట్టుకుని మనుషులు నిలబడతారు. మందు పేలి, మళ్లీ సైరన్ కూసేదాకా లోపలివారు బయటికి పోరాదు, బయటివారు లోపలికి రారాదు. బొగ్గు బావుల ఊళ్లలో పుట్టి పెరిగినవారికి ఆ కూత చెవిన పడదు. సదానందం మాట ఆపలేదు, గొంతు మాత్రం కొంచెం పెంచాడు. సంధ్యారాణి చెయ్యి దానంతట అదే టీ కప్పు మీద మూతలా వాలింది, పైనున్న రేకుల నుంచి దుమ్ము పడకుండా. ఇద్దరికీ తాము ఏం చేశామో తెలియదు.

కానీ ఆమె ముఖం సందు దగ్గర ఉంది. గట్టు మీద ఒక ముసలి ఆడ దుప్పి తల ఎత్తింది. ముంగాలితో నేలను ఒకసారి తట్టింది. అంతే, మంద మొత్తం మేత వదిలేసింది. పరుగు లేదు, బెదురు లేదు. షిఫ్టు దిగిన కార్మికుల్లా వరుసగా గుట్ట వెనక్కి నడిచిపోయాయి. పిల్లలు మధ్యలో, కొమ్ముల మగవి చివర. ఆఖరి దాని తెల్ల తోక కూడా పొదల వెనక మాయమైంది. గుంట దగ్గర ఒక్కటి మిగల్లేదు.

"రోజూ గిట్లనే పోతయా అన్నా?" అని అడిగింది, కళ్ళు అక్కడినుంచి తీయకుండా.

"పోతయ్ మరి. నేల అదురుతది, దుమ్ము లేస్తది. మళ్ల సైరన్ కొట్టినంకనే ఒస్తయ్. మనకంటె క్రమశిక్షణ."

నేల అదిరింది. పైకప్పు రేకులు గలగలమన్నాయి. దుమ్ము ఆమె చేతి మీద సన్నగా రాలింది. ఆమె చెయ్యి తీయలేదు. నిన్నటినుంచి ఆ ఫొటో చూస్తున్నా కనపడని సంగతి ఇప్పుడు కనపడింది. తను కూడా ఈ ఊరి మనిషే కదా. సైరన్ తన చెవికి లేదు, అందుకే ఫొటోలోనూ లేదు.

"కెమెరా ఒకసారి ఇటియ్యి తమ్మీ," అంది.

ఫొటోను పెద్దది చేసింది. రెండూ పన్నెండు. సైరన్ కూసి పన్నెండు నిమిషాలు. మంద అంతా గుట్ట వెనక ఉండాల్సిన వేళ. తల్లి దుప్పి ముంగాలు ఒకటి గాలిలో ఉంది. చెవులు గుట్ట వైపు, మెడ పిల్ల వైపు. పోవాలని ఉంది, పోలేకపోతోంది. పిల్ల వెనక కాలు గడ్డిలో కనపడదు, కానీ నడుం ఒక పక్కకు లాగినట్టు వంగి ఉంది. ఇదంతా అందమని పోటీవాళ్లు మెచ్చుకున్నారు.

"ఈ పిల్లను కట్టేసిన్రు," అంది సంధ్యారాణి.

సదానందం పగలబడి నవ్వాడు. దుప్పి పిల్లలు గడ్డిలో నక్కి కదలకుండా ఉంటాయని, ఆ మాత్రం తెలియకుండా డిటెక్టివ్ ఎట్లా అయ్యావని అన్నాడు. వారం కూడా నిండని పిల్ల అట్లా నక్కుతుంది నిజమేనని ఆమె ఒప్పుకుంది. కానీ ఇది తల్లి పొట్ట ఎత్తు పెరిగిన పిల్ల. ఇంతకంటే చిన్నవి ఇప్పుడే మంద మధ్యలో నడిచి పోలేదా? ఆ మేకు నీళ్ల కొలతకైతే తల చుట్టూ తాడు ఒరుపెందుకుంది? మంచి ఫొటో కోసం పిల్లను కడితే తల్లి కదలదు. ఆ లెక్క వేసినవాడు సైరన్ సంగతి మరిచాడు.

"అయితే ఏంది?" అన్నాడు సదానందం. ఇప్పుడు నవ్వు లేదు. "దుప్పి పిల్లను కట్టేసినందుకు కేసు పెట్టుకో. మనిషిని చంపింది వీరేందర్."

"పార్కుల దుప్పిని కడితే బుచ్చన్న చూసుకుంట ఊకుంటడా? ఫోను మోగితేనే తన్నేటోడు." ఆమె రుత్విక్ వైపు తిరిగింది. "ఇంకొకటి చెప్పు. అడవి పిల్లను పట్టి మేకుకు కట్టాలంటె కెమెరా పట్టే చేతులతోటి అయితదా? పట్టినోడు ఒకడు, ఫొటో తీసినోడు ఒకడు. ఆ రెండోడు ఎవడు?"

సదానందం లేచాడు. ఉక్కగా ఉందని, జెండాలు తీశారో లేదో చూసి వస్తానని తలుపు దగ్గరగా లాగి బయటికి పోయాడు. రెండో సైరన్ ఇంకా కూయలేదు కదా అని ఆమెకు అనిపించింది గానీ, అప్పటికే రుత్విక్ ఏడుస్తున్నాడు.

అతను గుసగుసగా చెప్పింది ఇదీ. దుప్పి ఫొటో గ్యారంటీ అని డబ్బు తీసుకుని పట్నాల నుంచి ఫొటోలవాళ్లను తీసుకొచ్చే మనిషి ఒకడున్నాడు. గురువారం పిల్లను వలేసి పట్టి, మేకుకు కట్టి, తీసుకో అన్నాడు. తప్పని తెలుసు, అయినా కెమెరా ఎత్తాడు. బుచ్చన్న కొడవలి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తర్వాత పోలీసులకు ఏం చెప్పాలో నేర్పింది కూడా ఆ మనిషే. ఎవరు ఆ మనిషి అని ఆమె అడిగితే పేరు చెప్పలేదు. కెమెరా తీసుకుని, జేబులోని ఇంకో కార్డు అందులో పెట్టి బొమ్మలు ముందుకు జరిపాడు. చెరిపేశానని ఆ మనిషికి చెప్పినవి చెరపలేదు. తన ప్రాణానికి రక్షణగా ఉంటాయని, పోలీసులకు చూపని ఈ కార్డులో దాచుకున్నాడు.

ఒక బొమ్మలో బుచ్చన్న వంగి తాడు కోస్తున్నాడు. తర్వాతి బొమ్మలో తల్లీ పిల్లా గుట్ట వైపు దూకుతున్నాయి. ఆ తర్వాతి దాంట్లో బుచ్చన్న చొక్కా కాలరు ఒకరి పిడికిట్లో ఉంది. ఆ మనిషి ముఖం పక్కకు తిరిగి ఉన్నా పోల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టలేదు. సదానందం.

బయట గొళ్ళెం పడిన చప్పుడైంది.

ఆమె లేచి తలుపును భుజంతో కొట్టింది. రేకు మోగింది గానీ కదల్లేదు. గోడ సందులో ఒక కన్ను కనపడింది.

"చెరిపిన అన్నవు గద తమ్మీ," అన్నాడు సదానందం. గొంతులో కోపం లేదు, పనిలో ఉన్నవాడి తొందర ఉంది. "ఆ కార్డు ఈ సందుల కెళ్లి బయటికియ్యి. గొళ్ళెం తీస్త."

అరుస్తామని సంధ్యారాణి అంది. అరవమన్నాడు. జెండాలవాళ్లు గుట్టకు అవతల ఉన్నారు, దారి బంద్. ఫోన్లు గేటు గదిలో. జేబులోంచి లైటరు తీసి సందు ముందు వెలిగించి చూపించాడు.

"ఈ గుట్ట లోపల బొగ్గు పొడి ఎప్పుడు రాజుకుంటనే ఉంటది. పొగ లేస్తె గోదావరిఖనిల ఎవడన్న తల తిప్పి చూస్తడా, నువ్వే చెప్పు చెల్లె."

చూడరు. ఆమెకు తెలుసు. మట్టి గుట్టల మీద పొగను ఈ ఊరు ఏళ్ల తరబడి చూసి చూసి చూడడం మానేసింది. గడ్డి తడకలు మే నెల ఎండకు ఎండి ఉన్నాయి. రేకు గోడలు ఆమె అరచేతికి ఇప్పటికే కాలుతున్నాయి.

కార్డు ఇచ్చేద్దామని రుత్విక్ బతిమాలాడు. కెమెరా మూత తీసి గోరంత కార్డు ఆమె చేతిలో పెట్టాడు. వీరేందర్ మీద నేరం లేదని చెప్పే బొమ్మలన్నీ అందులో ఉన్నాయి. ఇస్తే ఐదింటికి జడ్జి ముందు పెట్టడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. ఇవ్వకపోతే ఆ బొమ్మలు తీసినవాడే ఉండడు. బొమ్మను అతుకులదని కొట్టిపారేసే వకీళ్లు ఉంటారు. కళ్లతో చూసినవాడు నోరు తెరిస్తే కొట్టిపారేయడం కష్టం. ఆ నోరు ఇంకా తెరుచుకోలేదు. అయినా ముందు మనిషి మిగలాలి.

ఆమె కార్డును సందులోంచి బయటికి పెట్టింది. వేళ్లు వచ్చి అందుకున్నాయి. టక్కుమని విరిగిన శబ్దం వినిపించింది.

"గొళ్ళెం తియ్యి అన్నా," అంది.

అడుగులు తలుపు వైపు వెళ్లలేదు. గది చుట్టూ నిదానంగా తిరిగాయి, ఒక్కో మూల దగ్గర కొంచెం ఆగుతూ. ఆగిన ప్రతిచోటా గడ్డి చిటపటమంది. తర్వాత అవి గట్టు దిగి దూరమయ్యాయి. సందుల్లోంచి పసుపుపచ్చ పొగ లోపలికి జారింది.

రుత్విక్ రెండుసార్లు తలుపును తన్ని, మూడోసారి కాలు ఎత్తలేక గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఇందాకటిదాకా మేడమ్ అని పిలిచినవాడు ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నా కళ్లతో చూశాను అక్కా. బుచ్చన్న జనాన్ని పిలుస్తానని మంచె ఎక్కి గంట కొట్టబోయాడు. సదానందం వెనకే ఎక్కి కాళ్లు పట్టి ఎత్తి కిందికి తోసేశాడు. వీరేందర్ అక్కడ లేడు. కట్టేసిన పిల్లను ఫొటో తీసినందుకు నాకు శిక్ష పడినా సరే. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తాను."

వీరేందర్‌ను విడిపించగల ఒకే ఒక్క నోరు తెరుచుకుంది. పైన కప్పు మీది గడ్డి కూడా అంటుకుంది. సంధ్యారాణి తన చున్నీ లాగి, నాలుగు మడతలు పెట్టి, తన ముక్కుకు కాకుండా అతని నోటికి, ముక్కుకు గట్టిగా అదిమిపట్టింది. రెండో చేత్తో బల్ల ఒక కొసను ఎత్తి తలుపు మీద మొదటి దెబ్బ వేసింది.

కలవేన సారలమ్మ
వయసు అరవై మూడు
ఇప్పుడు ఉంటున్నది మందమర్రిలో, చిన్నబిడ్డ క్వార్టర్లో